చిరుతబల్లి గుడ్లకు ఇంట్లో చేసిన పొదుగు పెట్టె: ఏ హీటరు, ఎన్ని వాట్లు?

ప్రశ్న: మెత్తనిగుడ్డు (ప్లేనో, టెక్సాస్), ఫిబ్రవరి 8

అందరికీ నమస్కారం. మా అబ్బాయి రెండేళ్ళుగా ఒక జత చిరుతబల్లులను, అంటే లెపర్డ్ గెకోలను, పెంచుతున్నాడు. ఇవి మన గోడ మీది బల్లికి దూరపు చుట్టాలే గాని, వీటికి కనురెప్పలు ఉంటాయి, గోడ ఎక్కే పాదాలు ఉండవు. ఒళ్ళంతా చిరుత మచ్చలతో నేల మీదే తిరుగుతాయి. జనవరి 29న ఆడది తడి నాచు పెట్టిన డబ్బాలో రెండు గుడ్లు పెట్టింది. కోడిగుడ్డులా గట్టి పెంకు కాదు, తడిసిన తోలులా మెత్తగా ఉన్నాయి. మూతకు రెండు సన్నని రంధ్రాలున్న ప్లాస్టిక్ డబ్బాలో వర్మిక్యులైట్ (తడిని పట్టి ఉంచే తేలికపాటి ఖనిజపు పలుకులు) తడిపి పోసి, గుడ్లను అందులో సగం వరకు పాతిపెట్టాము.

ఇబ్బందంతా వేడి దగ్గరే వచ్చింది. పార్సిల్‌లో వచ్చిన థర్మోకోల్ పెట్టె ఒకటి ఇంట్లో ఉంది. లోపలి కొలతలు 45, 30, 30 సెంటీమీటర్లు, గోడ మందం 3 సెంటీమీటర్లు. అందులో 60 వాట్ల పాత రకం బల్బు బిగించి, ఆన్‌లైన్‌లో కొన్న, వేడిని బట్టి కరెంటును తెంచి కలిపే చవక థర్మోస్టాట్‌కు తగిలించి, సెన్సారును మూత దగ్గర వేలాడదీసి, 27.5 డిగ్రీల సెల్సియస్‌కు పెట్టాము. ఈ బల్లుల్లో పిల్ల ఆడదో మగదో పొదిగే వేడిని బట్టే తేలుతుంది; పిల్లలు ఆడవి కావాలన్నది మా కోరిక, ఎందుకంటే రెండు మగవి ఒకచోట ఉంటే కొట్టుకుంటాయి. కనిష్ఠ, గరిష్ఠ అంకెలను గుర్తుపెట్టుకునే థర్మామీటరు ఒకటి లోపల ఉంచితే, ఒక్క రాత్రిలోనే అది 25 నుంచి 31 వరకు చూపించింది. బల్బు వెలిగి ఆరినప్పుడల్లా థర్మోస్టాట్ టిక్కుమంటుంటే ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. పైగా 2023 ఆగస్టు నుంచి ఈ దేశంలో మామూలు ఫిలమెంటు బల్బులు అమ్మడం లేదు కనుక, ఇది మాడిపోతే మరొకటి వెతుక్కోవడం కష్టం.

బల్బుకు బదులు హీటింగ్ కేబుల్ వాడాలా, హీట్ మ్యాట్ వాడాలా, లేక అడుగున నీళ్ళు పోసి అక్వేరియం హీటరు వేయాలా? సెన్సారు ఎక్కడ ఉండాలి? లోపల ఫ్యాను అవసరమా? కోడిగుడ్లను తిప్పినట్లు వీటిని కూడా రోజూ తిప్పాలా? ఒక గుడ్డు పక్కన చిన్న సొట్ట కూడా పడింది, అది వేడి వల్లనేనా?

మా అత్తగారు ఫోనులో ఈ సంగతి విని, "ఇక్కడ మేము చీపురు పట్టుకుని తరుముతుంటే మీరు డబ్బులిచ్చి కొని పొదిగిస్తున్నారా?" అని అడిగారు. ఆవిడకు జవాబు చెప్పలేకపోయాను గాని, మీరు నాకు చెప్పగలరని ఆశ.

జవాబు: పాతవైరింగు (ఎడిసన్, న్యూజెర్సీ)

మెత్తనిగుడ్డు గారూ, బల్లుల గురించి నాకేమీ తెలియదు. ముప్పై ఏళ్ళుగా నా చేతిలో ఉన్నది కరెంటు పని కాబట్టి ఆ వైపు నుంచే చెబుతాను. ఏ హీటరు అన్న ప్రశ్నకు ముందు ఎన్ని వాట్లు అన్నది తేలాలి.

మీ పెట్టె గోడలు, అడుగు, మూత కలిపి సుమారు 0.85 చదరపు మీటర్లు. లోపలికీ బయటికీ ఒక్క డిగ్రీ తేడా ఉన్నప్పుడు 3 సెంటీమీటర్ల థర్మోకోల్ గుండా చదరపు మీటరుకు ఒక వాటుకు కాస్త అటూ ఇటూగా వేడి బయటికి పోతుంది. మూత సందుల్లోంచి జారిపోయేది కూడా కలుపుకుంటే, మీ పెట్టెలో ఒక్కో డిగ్రీ పెంచి నిలబెట్టడానికి దాదాపు ఒక్క వాటు చాలు. రాత్రి మీ గది 19 డిగ్రీలకు దిగిందనుకుంటే, లోపల 27.5 నిలవడానికి కావలసింది ఎనిమిదిన్నర వాట్లు మాత్రమే. మీరు పెట్టింది 60. చిన్న కుండ నింపడానికి బోరు మోటారు గొట్టం తెచ్చి, నిండగానే పరుగెత్తి మోటారు కట్టేస్తున్నట్టుంది ఈ వ్యవహారం. మీ పెట్టెలో ఉన్న గాలి మొత్తం యాభై గ్రాముల బరువు కూడా తూగదు. 60 వాట్ల బల్బు దాన్ని ఇట్టే వేడెక్కిస్తుంది, ఆ సంగతి సెన్సారుకు తెలిసేలోపే గాలి హద్దు దాటిపోతుంది, ఆ తరువాత చల్లబడటం కూడా అంతే వేగంగా జరుగుతుంది. 25కూ 31కీ మధ్య ఊగిసలాట అక్కడే పుట్టింది. ఖరీదైన థర్మోస్టాట్ కొన్నా, ఇంత పెద్ద బల్బు ఉన్నంతకాలం అది పూర్తిగా పోదు.

15 వాట్ల హీటింగ్ కేబుల్ తీసుకోండి. దాన్ని పెట్టె అడుగున పాములా మెలికలు తిప్పుతూ పరచి, ఒక మెలిక మరొకదాన్ని తాకకుండా, ఎక్కడా కత్తిరించకుండా, నేరుగా థర్మోకోల్‌కు ఆనకుండా సన్నని తీగజాలీ మీద అతికించండి. కేబుల్‌కు ముందు దీపాలకు వాడే డిమ్మరు ఒకటి పెట్టి, ప్లగ్గుకు తగిలించే వాట్ మీటరులో చూసుకుంటూ 11 వాట్లకు తగ్గించండి.

తగ్గించమనడానికి బలమైన కారణం ఉంది. చవక థర్మోస్టాట్లలో నేను తరచుగా చూసిన లోపం, లోపలి రిలే కాంటాక్టులు అతుక్కుపోయి కరెంటు తెగకుండా ఉండిపోవడం. మీ 60 వాట్ల బల్బుకు అలా జరిగితే తెల్లారేసరికి గుడ్లు ఉడికిపోతాయి, థర్మోకోల్ కూడా బల్బు వైపు కరిగిపోవచ్చు. అదే 11 వాట్లయితే, పగలు గది 22 డిగ్రీలున్నా పెట్టె 33 దగ్గర ఆగిపోతుంది, ఆపైన ఎక్కడానికి దానికి శక్తి లేదు. థర్మోస్టాట్ చచ్చిపోయినా గుడ్లు బతకాలంటే హీటరే బలహీనంగా ఉండాలి. ఇంకా భయముంటే 31 డిగ్రీల దగ్గర కరెంటు తెంచే రెండో థర్మోస్టాట్‌ను అదే లైనులో వరుసగా కలపండి.

తరువాత నీళ్ళు. లీటరు సీసాలు ఆరు నిండా నీళ్ళు నింపి, మూతలు బిగించి, పెట్టెలో గోడల వెంట నిలబెట్టండి. ఆరు లీటర్ల నీటిని ఒక డిగ్రీ వేడి చేయడానికి సుమారు 25 వేల జౌళ్ళు కావాలి. గాలికి యాభై జౌళ్ళు చాలు. అంత బరువు లోపల చేరాక ఉష్ణోగ్రత తొందరపడి ఎక్కదు, దిగదు. కరెంటు పోయినా గదికీ పెట్టెకూ ఉన్న తేడాలో మూడింట రెండు వంతులు పోవడానికి దాదాపు ఏడు గంటలు పడుతుంది. 2021 ఫిబ్రవరిలో మీ రాష్ట్రంలో మంచు తుపానుకు రోజుల తరబడి కరెంటు పోయిన సంగతి మీకు నేను గుర్తు చేయనక్కరలేదు. మొదటి రోజు మాత్రం సీసాలను పంపు నీళ్ళతో కాక 28 డిగ్రీల నీళ్ళతో నింపండి, లేకపోతే ఆ చిన్న హీటరు వాటిని వేడి చేయడానికే ఒక రోజు పడుతుంది.

సెన్సారు మూత దగ్గర ఉండటం తప్పు. వేడి గాలి ఎప్పుడూ పైకే చేరుతుంది కదా. గుడ్ల డబ్బా ఎంత ఎత్తులో ఉందో సెన్సారు కూడా అంతే ఎత్తులో, డబ్బా పక్కనే ఉండాలి. ప్లగ్గును భూమికి కరెంటు లీకైతే తెంచే రకం సాకెట్టులోనే పెట్టండి.

జవాబు: గంపకిందకోడి (భీమవరం దగ్గర)

అమ్మా, నేను నాటుకోడి గుడ్లను ఇలాంటి థర్మోకోల్ పెట్టెలోనే పొదిగిస్తాను కాబట్టి తిప్పడం గురించి మాత్రం చెబుతాను. నా పెట్టెలో 37.5 డిగ్రీలు ఉంటుంది, 21వ రోజుకు పిల్ల బయటికి వస్తుంది, 18వ రోజు వరకు రోజుకు నాలుగైదుసార్లు గుడ్డు తిప్పుతాను. కోడి కూడా గంపలో కూర్చుని చేసే పని అదే, ముక్కుతో గుడ్లను జరుపుతూనే ఉంటుంది. తిప్పకపోతే పిండం పెంకు లోపలి పొరకు అతుక్కుపోతుంది.

బల్లి, పాము, తాబేలు గుడ్లకు ఇది వర్తించదు. మా ఊళ్ళో చెరువుగట్టు తవ్వేటప్పుడు పాము గుడ్లు బయటపడితే, మా నాయన వాటిని పైభాగం పైనే ఉండేలా ఎత్తి పక్క మట్టిలో పెట్టించేవారు. కారణం ఆయనకు తెలుసో లేదో గాని పని మాత్రం సరైనదే. కోడిగుడ్డులో సొనను మధ్యలో నిలబెట్టే తాళ్ళలాంటి పోగులు రెండు ఉంటాయి, వీటి గుడ్లలో అవి ఉండవు. పెట్టిన ఒకటి రెండు రోజుల్లో పిండం పైభాగాన పొరకు అంటుకుని అక్కడే పెరుగుతుంది. దాన్ని తలకిందులు చేస్తే సొన బరువు కింద పడి నలిగిపోతుంది. మెత్తని పెన్సిలుతో పైభాగాన చిన్న చుక్క పెట్టుకుంటే, పొరపాటున ఎప్పుడైనా తీసినా తిరిగి అదే వైపు పెట్టవచ్చు.

సొట్ట వేడి వల్ల కాదు, తడి చాలక పడినదై ఉంటుంది. బల్బు ఉన్న పెట్టె ఎండిపోతుందని నా కోడిగుడ్ల దగ్గరే నేర్చుకున్నాను.

మెత్తనిగుడ్డు

పాతవైరింగు గారూ, గంపకిందకోడి గారూ, ఇద్దరికీ కృతజ్ఞతలు. పెన్సిలు చుక్కలు వెంటనే పెట్టేశాము. ఇన్ని రోజులూ తిప్పనిది మా బద్ధకం వల్లనే, అదే మేలు చేసింది. కేబుల్‌కు ఆర్డరు పెట్టాను. అది వచ్చేలోపు మా వారు అక్వేరియం హీటరుతో నీళ్ళ పద్ధతి ప్రయత్నిద్దామంటున్నారు, ఎందుకంటే ఇంట్లో చేపల తొట్టిది ఒకటి ఖాళీగా ఉంది. ఫ్యాను సంగతి కూడా ఎవరైనా చెబితే బాగుంటుంది.

జవాబు: నాలుగుకాళ్ళు (లెస్టర్, ఇంగ్లండ్)

మెత్తనిగుడ్డు గారూ, లెపర్డ్ గెకోలూ, కార్న్ స్నేకులనే విషంలేని పాములూ ఏటా పొదిగిస్తుంటాను. రెండు పద్ధతులూ వాడి చూశాను కాబట్టి నా అభిప్రాయం చెబుతాను.

నీళ్ళ పద్ధతిలో అడుగున నాలుగైదు అంగుళాల నీరు, అందులో మునిగిన హీటరు, పైన ఇటుకల మీద గుడ్ల డబ్బా ఉంటాయి. నీటి బరువు వల్ల ఉష్ణోగ్రత నిలకడగానే ఉంటుంది, ఆ మాట నిజం. అయితే హీటరు మీద రాసిన అంకె నీటిది; పైన ఉన్న గుడ్ల దగ్గర దానికన్నా ఒకటి రెండు డిగ్రీలు తక్కువే ఉంటుంది కనుక, గుడ్ల పక్కన పెట్టిన థర్మామీటరు చూసే హీటరును సరిదిద్దుకోవాలి. నీళ్ళు ఆవిరై తగ్గిపోయి హీటరు బయటపడితే గాజు పగులుతుంది. అన్నిటికన్నా నన్ను విసిగించింది మూత కింద పట్టిన చెమట బొట్లుబొట్లుగా గుడ్ల మీద పడటం. ఒక ఏడాది మంచి గుడ్లు మూడు దానివల్లే బూజు పట్టి పోయాయి. పెట్టెను ఒక పక్క చిన్న చెక్కముక్కతో ఎత్తి మూతను వాలుగా ఉంచితే బొట్లు గోడ వెంట జారిపోతాయి. నాలుగు రోజుల ముచ్చటకు మీ వారి సలహా పనికొస్తుంది, రెండు నెలలకు మాత్రం కేబులే మేలు. గుడ్లు మూత ఉన్న డబ్బాలో ఉన్నప్పుడు పెట్టె మొత్తం ఆవిరితో నిండి ఉండవలసిన అవసరం కూడా లేదు.

హీట్ మ్యాట్ వద్దనను గాని, దాన్ని డబ్బా కింద నేరుగా పెట్టకండి. అడుగున ఉన్న వర్మిక్యులైట్ ముందు ఎండిపోతుంది, గుడ్డు కింది సగం ఒక వేడిలో, పై సగం మరొక వేడిలో ఉంటుంది. ఫ్యాను కూడా మీ పెట్టెకు అక్కరలేదు. కంప్యూటరులో వాడే చిన్న ఫ్యాను పెద్ద అలమారా అంత పెట్టెల్లో పై అరకూ కింది అరకూ మధ్య తేడా పోగొట్టడానికి పనికొస్తుంది, ఒక్క డబ్బా ఉన్నచోట తడిని లాగేయడం తప్ప చేసేదేమీ లేదు.

పాతవైరింగు గారి లెక్క అంతా సరిగానే ఉంది. దానికి ఒక్కటి చేర్చుతాను. మీరు చూసిన 25–31 గాలి ఉష్ణోగ్రత. గుడ్డు గాలిలో లేదు, తడి వర్మిక్యులైట్‌లో పాతి ఉంది, దానికి అంత ఊగిసలాట తగలదు. రెండో ప్రోబు, అంటే తీగ చివరి సెన్సారు, ఉంటే దాన్ని వర్మిక్యులైట్‌లో గుడ్డు పక్కన గుచ్చి చూడండి, గుడ్డుకు ఎంత వేడి తగులుతోందో అదే చెబుతుంది.

ఈ జాతి విషయంలో అర డిగ్రీ కూడా లెక్కే, ఎందుకంటే పిల్ల ఆడదా మగదా అన్నది తేల్చేది ఉష్ణోగ్రతే. ఈ సంగతిని సరీసృపాల్లో మొదట గుర్తించినది మాడ్‌లీన్ షార్నియే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త, 1966లో, ఆఫ్రికాలోని ఒక తొండ జాతి మీద. లెపర్డ్ గెకోల్లో 26 డిగ్రీల దగ్గర దాదాపు అన్నీ ఆడవే పుడతాయి, 32, 32.5 దగ్గర ఎక్కువ మగవి; 34 దాటితే మళ్ళీ ఆడవే వస్తాయి గాని, అలా మరీ వేడిలో పుట్టిన ఆడవి కోపిష్ఠివిగా ఉంటాయి, చాలావరకు గుడ్లే పెట్టవు. ఆడవే కావాలంటే 27కు దించండి. 32 దగ్గర ఆరు వారాల్లో అయ్యే పని 27 దగ్గర రెండు నెలల దాకా సాగుతుంది, తొందరపడకండి. నా కార్న్ స్నేకులకు ఈ బాధ లేదు, వాటి లింగం క్రోమోజోములే తేల్చేస్తాయి.

ఇంత ఆధారపడిన సెన్సారు నిజం చెబుతోందో లేదో ముందు చూసుకోవాలి. చవక సెన్సార్లు ఒక డిగ్రీ తప్పు చూపడం మామూలే. ఫ్లాస్కులో గోరువెచ్చని నీళ్ళు పోసి, జ్వరం చూసుకునే డిజిటల్ థర్మామీటరును, సెన్సారును రబ్బరు బ్యాండుతో కలిపి కట్టి అందులో ముంచండి. నీటిని 37 దగ్గరకు తెచ్చి, రెండు నిమిషాలు కలియబెట్టి, రెండు అంకెల మధ్య తేడా రాసుకోండి. ఆ తేడాను థర్మోస్టాట్‌లో సరిచేసే వీలు ఉంటుంది.

సొట్ట గురించి గంపకిందకోడి గారి మాటే నా మాట. వర్మిక్యులైట్, నీరు సమాన బరువులో కలపాలి. వంటింటి కాటా మీద డబ్బా మొత్తం తూచి బరువు మూత మీద రాసుకోండి. వారానికి ఒకసారి మూత తీసి గాలి మార్చినప్పుడు మళ్ళీ తూచి, తగ్గినంత బరువుకు గోరువెచ్చని నీటిని గుడ్లకు తగలకుండా అంచుల వెంట పోయండి. మొదటి వారాల్లో పడిన సొట్ట రెండు మూడు రోజుల్లో తిరిగి ఉబ్బుతుంది. చివరి రోజుల్లో పడే సొట్టకు మాత్రం నీళ్ళు పోయకండి, అది పిల్ల వచ్చే గుర్తు.

జవాబు: ఇసుకగూడు (విశాఖపట్నం)

ఈ చర్చ చదువుతుంటే నవ్వు వచ్చింది, ఎందుకంటే మా తీరంలో ఇదే పని హీటరు లేకుండా ఇసుకే చేస్తుంది. ఆలివ్ రిడ్లే తాబేళ్ళు జనవరి నుంచి ఏప్రిల్ వరకు రాత్రిపూట ఒడ్డెక్కి, అడుగున్నర లోతు గుంటలో వంద గుడ్ల దాకా పెడతాయి. కుక్కలు తవ్వకుండా ఆ గుడ్లను తెల్లవారకముందే సేకరించి, అటవీశాఖ కంచె వేసిన ఇసుక గూళ్ళలో పాతిపెడతారు; నేను కొన్ని సీజన్లు ఆ పనికి సాయం వెళ్ళాను. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు వస్తాయి. పైన ఇసుక మధ్యాహ్నం కాలు పెట్టలేనంత కాలినా, అడుగున్నర లోతున పగటికీ రాత్రికీ తేడా పెద్దగా తెలియదు. మీ సీసాల్లోని నీళ్ళు చేసే పనే ఇక్కడ ఇసుక చేస్తోంది. మా తాబేళ్ళలో లెక్క తిరగబడి ఉంటుంది: వేడి పెరిగితే ఆడవి, తగ్గితే మగవి. పొదిగే కాలంలో మధ్య మూడో వంతులో ఉన్న వేడే ఆ సంగతి తేలుస్తుంది కాబట్టి, ఎండలు ముదిరాక గూళ్ళ మీద నీడ వల కట్టవలసి వస్తుంది.

ఇది చదివి ఇక్కడి పిల్లలెవరూ తీరంలోనో తోటలోనో దొరికిన గుడ్లు తెచ్చి థర్మోకోల్ పెట్టెలో పెట్టకండి. తాబేలు, ఉడుము, కొండచిలువ వంటివి 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కిందికి వస్తాయి. వాటి గుడ్లను కదిలించినా, పాడుచేసినా నేరమే. కనబడితే అటవీశాఖకు ఫోను చేయండి.

మెత్తనిగుడ్డు, మార్చి 30

ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి. ఫిబ్రవరి మూడో వారం నుంచి కేబుల్, డిమ్మరు, ఆరు సీసాల ఏర్పాటే నడుస్తోంది. ఫ్లాస్కులో పరీక్షిస్తే మా థర్మోస్టాట్ 0.8 డిగ్రీ తక్కువ చూపిస్తోందని తేలింది. అంటే మేము 27.5 అనుకున్నది నిజానికి 28.3. సరిచేసి 27కు దించాము. వర్మిక్యులైట్‌లో గుచ్చిన ప్రోబు అప్పటి నుంచి 26.8కు తగ్గలేదు, 27.3 దాటలేదు. టిక్కు చప్పుడు గంటకు రెండుసార్లకు మించి వినబడటం లేదు.

సొట్ట పడిన గుడ్డు మూడు రోజుల్లో ఉబ్బింది. చీకటి గదిలో చిన్న టార్చి పక్కనుంచి ఆనించి చూస్తే లోపల దారాల్లా ఎర్రని నరాలు కనిపించాయి, మా అబ్బాయి ఆ రాత్రి పడుకోలేదు. రెండో గుడ్డు పసుపుపచ్చగా ఖాళీగా వెలిగింది, పది రోజులకు బూజు పట్టింది, తీసి పారేశాము. మొన్న పొద్దున, 58వ రోజున, మొదటి గుడ్డు పైన చెమట పట్టి కుంగిపోయింది. సాయంత్రానికి అడ్డచారలతో మూడు అంగుళాల పిల్ల డబ్బా మూలన నిలబడి మమ్మల్ని చూసి నోరు తెరిచి అరిచింది. ఇంకా ఏమీ తినలేదు, నిన్న మాత్రం పొర విడిచింది. ఆడదో మగదో తెలియడానికి ఇంకా నెలలు పడుతుందట.

ఒక సందేహం మిగిలింది. పెద్దది మళ్ళీ రెండు గుడ్లు పెట్టింది. గది ఇప్పుడే 25 దాటుతోంది కనుక డిమ్మరును 6 వాట్లకు తగ్గించాము. జూన్‌లో మా పై అంతస్తు గది 29 దాకా వెళ్తుంది. అప్పుడేం చేయాలి?

పాతవైరింగు

అప్పుడు హీటరు వల్ల ఉపయోగం లేదండీ, అది వేడి ఇవ్వగలదే గాని తీయలేదు. లక్ష్యం కన్నా గది ఎప్పుడూ రెండు మూడు డిగ్రీలు చల్లగా ఉండాలి, అప్పుడే థర్మోస్టాట్‌కు పని ఉంటుంది. పెట్టెను ఏసీ గాలి తగిలే కింది అంతస్తు అలమారాలోకి మే నెలలోనే మార్చండి. ఆ చోటు ఒకరోజంతా ఎంత ఉంటుందో మీ కనిష్ఠ గరిష్ఠ థర్మామీటరుతో ముందే చూసుకుని, ఆ తరువాతే డిమ్మరు ముట్టుకోండి.